కారు తలుపుల్లోంచి వాన నీళ్లు కారుతున్నాయా? తక్కువ ఖర్చులో బాగు చేసుకునే పద్ధతి ఇదీ

ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాన తక్కువే. కానీ ఇక్కడి కార్ల తలుపుల రబ్బర్లు పాడయ్యేది వానకు కాదు, ఎండకు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో, నీడ లేని చోట నెలల తరబడి నిలబడిన కారు రబ్బరు గట్టిపడుతుంది, నొక్కుకుపోతుంది, మూలల్లో పగులుతుంది. దానికి నల్లరేగడి దుమ్ము తోడవుతుంది. అప్పటిదాకా ఎవరికీ ఏమీ తెలియదు. జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డాక కాళ్ల కింద మ్యాట్ ఎత్తి చూస్తే నీళ్లు. సెప్టెంబర్ వానలకు ఆ నీళ్లు కార్పెట్ కింద చెరువు కడతాయి.

చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే కారు. అదీ సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆల్టో, వ్యాగనార్, శాంత్రో, ఓమ్నీ లాంటిది. పెళ్లిళ్లకు అదే, కర్నూలు ఆసుపత్రికి అదే, ఉమ్రాకు వెళ్లేవాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దించి రావడానికీ అదే. కొందరికైతే ఆ కారు కిరాయి మీదే ఇల్లు గడవాలి. నీళ్లు కారడాన్ని చిన్న విషయం అనుకుని ఒక సీజన్ వదిలేస్తే ఫ్లోర్ రేకు తుప్పు పడుతుంది, కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లు పచ్చబారుతాయి, కారంతా ముక్క వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు, పెద్దవాళ్లకు ఆ బూజు అసలు పడదు. వందల్లో తేలాల్సిన పని వేలల్లోకి పోయేది ఇక్కడే.

అయితే ఒక మాట. నీళ్లు వచ్చిన ప్రతి కారుకూ రబ్బరే మార్చాల్సిన పని లేదు. రబ్బరు మార్చాక కూడా నీళ్లు రావడం, డబ్బు పోయి పని కాకపోవడం చాలామందికి జరిగేదే. ముందు కారణం తెలుసుకోవాలి, తర్వాతే జేబులో చెయ్యి పెట్టాలి.

తలుపులో నీళ్లను ఆపేవి ఏవి?

తలుపు చుట్టూ కనిపించే నల్ల రబ్బరును మన దగ్గర షాపుల్లో బీడింగ్ అంటారు, కొందరు డోర్ రబ్బర్ అంటారు. కొన్ని కార్లలో అది తలుపుకు ఉంటుంది, కొన్నింటిలో బాడీ అంచుకు ఉంటుంది, కొన్నింటిలో రెండు వైపులా ఉంటుంది. లోపల గుల్లగా ఉండి, తలుపు వేసినప్పుడు నొక్కుకుని సందును మూస్తుంది. దీన్ని ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. 1960ల మొదట్లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ రబ్బరు ఎండకు, గాలికి మామూలు రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది. కానీ పెట్రోలు, కిరోసిన్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి.

బీడింగ్ ఒక్కటే కాదు, ఇంకో నాలుగు ఉన్నాయి.

అద్దం కింది అంచున బయటివైపు ఉండే పట్టీ. అద్దం దింపేటప్పుడు నీళ్లను తుడిచేది ఇదే.

అద్దం పైకీ కిందికీ జారే గాడిలోని రబ్బరు. దీన్ని గ్లాస్ చానల్ అంటారు.

డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి వైపు కనిపించే ప్లాస్టిక్ పలక. దాని వెనక రేకుకు అంటించిన ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది. బయటికి కనిపించదు కాబట్టి దీని సంగతి చాలామందికి తెలియదు.

తలుపు అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాలు. నీళ్లు బయటికి పోయే దారి ఇదే.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏమిటంటే, కారు తలుపు లోపలికి నీళ్లు పోవడం తప్పు కాదు. ఏ కారుకైనా వానలో అద్దం పట్టీ దాటి కొన్ని నీళ్లు తలుపు రేకుల మధ్యకు దిగుతాయి. అవి అడుగు రంధ్రాల నుంచి కిందికి పోవాలి. రంధ్రాలు మూసుకుపోతే తలుపులో నీళ్లు నిలుస్తాయి. లోపలి ప్లాస్టిక్ షీటు చిరిగితే ఆ నీళ్లు మన కాళ్ల మీదికి వస్తాయి. పవర్ విండో రిపేరుకో, స్పీకర్లు పెట్టడానికో ఎప్పుడో తలుపు విప్పి, షీటును సరిగా అంటించకుండా మూసేసిన కార్లలో ఇదే జరుగుతుంది. అలాంటి కారుకు ఎంత మంచి బీడింగ్ వేసినా నీళ్లు ఆగవు.

తడి ఎక్కడుందో చూస్తే కారణం దొరుకుతుంది

డికీలో వజూకని, తాగడానికని పెట్టుకున్న నీళ్ల క్యాన్ మూత ఒకసారి చూసుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు, డికీ తడికి అదే కారణమైన సందర్భాలుంటాయి. తర్వాత ఇవి:

ముందు ఎడమవైపు సీటు కాళ్ల దగ్గర శుభ్రమైన నీళ్లు, అదీ వాన లేని రోజు ఏసీ వేసినప్పుడు వస్తే, అది ఏసీ నీళ్ల పైపు మూసుకుపోవడం. తలుపుకూ దానికీ సంబంధం లేదు. పైపు శుభ్రం చేయిస్తే చాలు.

వానలో ముందు కాళ్ల దగ్గర తడి ఉండి, తలుపు కింద గడప మాత్రం పొడిగా ఉంటే, వైపర్ల కింద ఉండే జాలీ దగ్గర వేపాకులు, చెత్త అడ్డుపడి ఉండొచ్చు, లేదా ముందు అద్దం అంటింపు వదిలి ఉండొచ్చు.

తలుపు పై మూల నుంచి చార దిగితే అది బీడింగ్ పని, లేదా తలుపు సరిగా కూర్చోకపోవడం.

స్పీకర్ జాలీ కింద, డోర్ ప్యాడ్ అడుగున తడి ఉంటే లోపలి షీటు చిరిగినట్టు.

తలుపు ఊపితే లోపల గుళగుళమని నీళ్ల చప్పుడు వస్తే అడుగు రంధ్రాలు మూసుకుపోయినట్టు.

పైకప్పు గుడ్డ మీద మరక ఉంటే ముందు అద్దం గానీ, పైన బిగించిన క్యారియర్ బోల్టులు గానీ చూడాలి.

స్టెప్నీ గుంతలో నీళ్లుంటే డికీ రబ్బరు, వెనక లైట్ల చుట్టూ ఉండే రబ్బరు చూడాలి.

జిగటగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉన్న ద్రవం అయితే అది వాన నీళ్లు కాదు, రేడియేటర్ కూలెంట్. ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించాలి.

వెనక కాళ్ల దగ్గర తడి ఉందని వెనక తలుపునే అనుమానించొద్దు. కారు వాలుగా నిలబడితే ముందు చేరిన నీళ్లు కార్పెట్ కింద నుంచి వెనక్కి పాకుతాయి.

పైసా ఖర్చు లేని నాలుగు పరీక్షలు

*కాగితం పరీక్ష.* పాత పేపర్‌ను రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించాలి. ముక్కను తలుపు సందులో పెట్టి తలుపు వేసి మెల్లగా లాగాలి. గట్టిగా పట్టుకుని వస్తే అక్కడ రబ్బరు బాగుంది. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదు. తలుపు చుట్టూ జానెడుకు ఒకచోట ఇలా చూసుకుంటూ, జారిన చోట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

*సుద్ద పరీక్ష.* రబ్బరు మీద సుద్దముక్క రుద్ది తలుపు వేసి తీయాలి. ఎదుటి రేకు మీద గీత ఆగకుండా పడాలి. గీత తెగిన చోటే సందు.

*టార్చ్ పరీక్ష.* రాత్రి పూట ఒకరు లోపల కూర్చుని తలుపు అంచుల వెంట టార్చ్ తిప్పాలి, ఇంకొకరు బయట నుంచి చూడాలి. వెలుతురు వచ్చే చోట నీళ్లూ వస్తాయి.

*నీళ్ల పరీక్ష.* అన్నింటికంటే నమ్మకమైనది ఇదే. కారు లోపల ఒక పెద్దమనిషి టార్చ్ పట్టుకుని కూర్చోవాలి. గడప మీద, మూలల్లో టిష్యూ పేపర్ గానీ పేపర్ ముక్కలు గానీ పరవాలి. బయట నుంచి మామూలు పైపుతో, వేగం లేకుండా, కింది నుంచి మొదలుపెట్టి పైకి పోతూ ఒక్కోచోట నాలుగైదు నిమిషాలు పోయాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లకూ కారి ఎక్కడ నుంచి వచ్చాయో తెలియదు. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ ఈ పరీక్షకు వాడొద్దు. ఆ ఒత్తిడికి మంచి రబ్బరు దాటి కూడా నీళ్లు లోపలికి పోతాయి.

లోపల పిల్లలను కూర్చోబెట్టి తలుపులు వేయొద్దు. తాళం చెవి బయట ఉన్నవారి దగ్గరే ఉండాలి.

మొదటి మెట్టు: శుభ్రం చేయడం

చాలా కార్లకు ఇంతటితోనే పని అయిపోతుంది. బకెట్ నీళ్లలో కొంచెం షాంపూ కలిపి, మెత్తటి గుడ్డతో రబ్బరును, అది ఆనుకునే రేకు అంచును రెంటినీ తుడవాలి. పొలం దారుల్లో తిరిగే కార్లకు ఇక్కడ దుమ్ము గట్టి పొరలా పేరుకుని ఉంటుంది. రబ్బరు ఎంత బాగున్నా ఆ మట్టి పొర మీద సరిగా ఆనదు.

తర్వాత తలుపు అడుగున ఉన్న రంధ్రాలు. మట్టి, ఆకు పొడి అన్నీ చేరి అవి మూసుకుపోతాయి. పత్తి లోడు తిరిగే దారుల్లో దూది కూడా చేరుతుంది. చీపురు పుల్లతో గానీ ప్లాస్టిక్ ట్యాగ్‌తో గానీ పొడవాలి. ఇనుప తీగతో పొడిస్తే పెయింట్ గీరుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది. పైనుంచి అద్దం పట్టీ దగ్గర ఒక మగ్గు నీళ్లు పోసి, అవి అడుగు నుంచి ధారాళంగా బయటికి వస్తున్నాయో లేదో చూడాలి.

రబ్బరు పూర్తిగా ఆరాక సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో రబ్బరును తుడవాలి. నేరుగా కొడితే అద్దం మీద, సీటు మీద పడుతుంది. స్ప్రే లేకపోతే మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ పలుచగా రాయొచ్చు. గ్రీజు, ఇంజన్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ రాయడం మాత్రం వద్దు. రాసిన రోజు నల్లగా నిగనిగలాడుతుంది, కొన్నాళ్లకు రబ్బరు ఉబ్బి ఊడి వస్తుంది.

రెండో మెట్టు: ఉన్న రబ్బరునే సరిచేయడం

బీడింగ్ చాలాసార్లు పాడవదు, జారుతుంది. మనుషులు ఎక్కి దిగేటప్పుడు కాలు తగిలి, సామాన్లు రాసుకుని గడప దగ్గర వదులవుతుంది. అరచేత్తో చుట్టూ ఒత్తుకుంటూ పోతే చాలావరకు కూర్చుంటుంది. బాడీ అంచుకు ఎక్కించే రకం రబ్బరు లోపల సన్నని రేకు పట్టు ఉంటుంది. అది విప్పారి ఉంటే రబ్బరు తీసి, కటింగ్ ప్లేయర్‌కు గుడ్డ చుట్టి, ఆ పట్టును కొంచెం కొంచెంగా దగ్గరికి నొక్కి మళ్లీ ఎక్కించాలి. గట్టిగా నొక్కితే రేకు విరుగుతుంది.

రబ్బరు ఒక చోట అణిగిపోయి ఉంటే వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను దాని మీద కొన్ని నిమిషాలు ఉంచాలి. రెండు మూడుసార్లు చేస్తే కొంతవరకు లేస్తుంది. అప్పటికీ లేవకపోతే, గుల్లగా ఉన్న భాగంలోకి సన్నని మెత్తటి ఫోమ్ తాడు గానీ మెత్తటి రబ్బరు ట్యూబు గానీ దూర్చవచ్చు. అణిగిన చోటు వరకే దూర్చాలి. చుట్టూ నింపేస్తే తలుపు పడదు, బలవంతంగా వేస్తే లాకు అరుగుతుంది. బీడింగ్‌కు అక్కడక్కడ చిన్న చిల్లులుంటాయి. అవి పగుళ్లు కావు, తలుపు వేసినప్పుడు లోపలి గాలి పోయే దారులు. వాటిని గమ్‌తో మూయొద్దు.

చిన్న చిరుగులకు ఫెవిక్విక్ వాడితే ఎండిన చోట రాయిలా గట్టిపడి, రబ్బరు వంగినప్పుడల్లా పక్కనే మళ్లీ చిరుగుతుంది. వంగే గుణమున్న నల్ల రబ్బరు గమ్ గానీ, న్యూట్రల్ రకం సిలికాన్ సీలెంట్ గానీ మేలు. సిలికాన్ ట్యూబు మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చే రకాన్ని కారుకు వాడొద్దు. పెయింట్ లేచిన రేకు మీద అది తుప్పు పట్టిస్తుంది. ఏది వాడినా 24 గంటలు ఆరనివ్వాలి. తలుపు రేకుకు అంటుకోకుండా మధ్యలో పలుచని ప్లాస్టిక్ కవరు పెట్టాలి.

తలుపు సందు మొత్తం సిలికాన్ పూసి మూసేయడం అసలు చేయకూడదు. తలుపు తీసిన మొదటిసారే అది చిరిగిపోతుంది. తర్వాత కొత్త బీడింగ్ వేయాలన్నా ఆ సిలికాన్ గీకడానికే అర పూట పడుతుంది.

మూడో మెట్టు: తలుపు లోపలి షీటు

సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో ఈ పని సొంతంగా చేయొద్దు. కొన్ని మోడళ్లలో వాటి సెన్సర్ తలుపులోనే ఉంటుంది. పాత మామూలు కార్లలో చేసుకోవచ్చు, లేదా మెకానిక్ పక్కన నిలబడి చేయించుకోవచ్చు.

చెవి తీసి పక్కన పెట్టాలి. హ్యాండిల్ దగ్గర, చెయ్యి పెట్టే చోట, అడుగున ఉన్న స్క్రూలు విప్పాలి. తర్వాత డోర్ ప్యాడ్‌ను కింది మూల నుంచి మెల్లగా లాగితే క్లిప్పులు ఒక్కొక్కటే వదులుతాయి. పాత క్లిప్పులు కొన్ని విరగడం ఖాయం, కాబట్టి కారు డెకార్ షాపులో పది క్లిప్పులు ముందే తెచ్చిపెట్టుకోవాలి. వైర్ల కనెక్టర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని అప్పుడు విప్పాలి.

షీటు ఊడి ఉంటే పాత జిగురును తుడిచి, బ్యూటైల్ టేపుతో చుట్టూ అంటించాలి. చిరిగిపోయి ఉంటే మందపాటి పాలిథిన్ షీటును పాతదాని కొలతకు కత్తిరించి వేయొచ్చు. సెలోటేపు, ప్యాకింగ్ టేపు మన ఎండకు ఒక్క వేసవి కూడా ఆగవు. అన్నింటికంటే ముఖ్యమైనది షీటు కింది అంచు. అది తలుపు రేకు లోపలికి దూరి ఉండాలి, అప్పుడే నీళ్లు తలుపులోకి జారి అడుగు రంధ్రాల నుంచి పోతాయి. కింది అంచు బయటికి వేలాడితే నీళ్లన్నీ కారులోకే. ప్యాడ్ బిగించే ముందు ఒకసారి అద్దం మీద నీళ్లు పోసి చూడటం మరిచిపోవద్దు.

నాలుగో మెట్టు: తలుపు కుదురు

తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. లొడలొడ ఆడితే కీళ్లు అరిగాయి. దీనికి బీడింగ్ మార్చి లాభం లేదు, టింకరింగ్ షెడ్డులో కీళ్ల పని చేయించాలి. ప్రమాదంలో దెబ్బతిని తలుపు మార్చిన కార్లకూ ఇదే వర్తిస్తుంది.

కీళ్లు గట్టిగా ఉండి, తలుపు మాత్రం కాస్త బయటికి ఉంటే, బాడీ వైపు లాకు పట్టుకునే కొక్కీని సర్దాలి. దాని చుట్టూ ముందు మార్కర్‌తో గీత గీసుకోవాలి. స్క్రూలు వదులు చేసి ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించి, కాగితం పరీక్ష మళ్లీ చేయాలి. ఒకేసారి ఎక్కువ జరపొద్దు. తలుపు రెండు దశల్లోనూ టక్కుమని పడాలి, ప్రయాణంలో ఊడి తెరుచుకోకూడదు. ఆ నమ్మకం కుదరకపోతే గీసుకున్న గీత దగ్గరికే తెచ్చి బిగించి, మెకానిక్‌కు చూపించాలి.

అయిదో మెట్టు: కొత్త రబ్బరు

పగుళ్లు చుట్టూ ఉంటే, రబ్బరు వేలితో నొక్కితే లేవకపోతే, ముక్కలుగా రాలుతుంటే ఇక మార్చాల్సిందే. మూడు దారులున్నాయి.

*కంపెనీ రబ్బరు.* మూలలు ముందే అచ్చు పోసి వస్తాయి కాబట్టి సరిగ్గా కూర్చుంటుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆర్‌సీలో ఉండే చాసిస్ నంబరు చెప్పాలి. ఒకే పేరుతో ఉన్న కారుకే ఏడాదిని బట్టి రబ్బరు మారొచ్చు. ఎడమ, కుడి, ముందు, వెనక విడివిడిగా ఉంటాయి.

*గుజిరీ రబ్బరు.* అదే మోడల్ పాత కారు నుంచి తీసింది. మెత్తగా, మూలలు పగలకుండా ఉంటే బేరమాడి తీసుకోవచ్చు. ఎండలో పడి ఉన్న బండిది అయితే మన రబ్బరు కంటే అదే అధ్వానంగా ఉంటుంది.

*మీటర్ల లెక్కన అమ్మే రబ్బరు.* చౌకైన దారి ఇదే. రేకు పట్టు ఉన్న రకం, వెనక జిగురు ఉన్న రకం రెండూ దొరుకుతాయి. మందం సరిపోవడమే అసలు సంగతి. పాత రబ్బరు నుంచి ఒక వేలెడు ముక్క కోసి షాపుకు తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకోవాలి.

పాత ముక్క అణిగిపోయి ఉంటే దాన్ని నమ్మలేం. అప్పుడు వంటింటి ఉపాయం ఉంది. చపాతీ పిండి ముద్దను ప్లాస్టిక్ కవరులో చుట్టి, రబ్బరు తీసేసిన చోట పెట్టి తలుపు వేసి తీయాలి. పిండి ఎంత మందానికి అణిగిందో సందు అంత. పై మూల, మధ్య, అడుగు, ఇలా మూడు నాలుగు చోట్ల చూడాలి. కొత్త రబ్బరు దానికంటే కొంచెం లావుగా ఉండాలి, రెట్టింపు మాత్రం కాకూడదు.

పొడవుకు టేపు కంటే పురికొస మేలు. తలుపు చుట్టూ మూలల వెంట పురికొస ఆనించి, తర్వాత దాన్ని కొలవాలి. చిన్న కారు తలుపుకు సాధారణంగా మూడు నుంచి నాలుగు మీటర్ల మధ్య వస్తుంది. కొలత మీద ఒక జానెడు ఎక్కువే తీసుకోవాలి.

ఎక్కించేటప్పుడు నాలుగు మాటలు గుర్తుండాలి. పాత జిగురు, మట్టి పూర్తిగా పోవాలి. అతుకు పైన కాకుండా అడుగున, గడప మధ్యలో రావాలి. రబ్బరును సాగదీయొద్దు, సాగదీసి వేస్తే కొన్నాళ్లకు కుంచించుకుని మూలలు వదిలేస్తుంది. చివర్లు కోసేటప్పుడు ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి, రెండు కొనలనూ ఎదురెదురుగా ఒత్తి పెట్టాలి. జిగురు రకం అయితే ఎండ తగ్గాక నీడలో అంటించి, ఒక రాత్రి తడి తగలనివ్వకూడదు. మొదటి వారం తలుపు కాస్త బిగువుగా పడటం మామూలే. రెండు వారాలైనా భుజంతో నెట్టాల్సి వస్తే రబ్బరు లావైందని అర్థం, మార్చాలి.

ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలి?

ఒక తలుపు కారుతుంటే నాలుగు తలుపులకూ మార్చమని షాపువాళ్లు చెప్పొచ్చు. పరీక్షలో తప్పిన తలుపుకే మార్చండి. డబ్బు పెట్టే వరుస ఇదీ: ముందు శుభ్రం, తర్వాత సర్దుబాటు, తర్వాత షీటు, తర్వాత తలుపు కుదురు, చివరికి రబ్బరు.

చౌక రబ్బరా, కంపెనీ రబ్బరా అన్నది ధర చూసి కాదు, ఎన్ని వానాకాలాలు వస్తుందో చూసి తేల్చుకోవాలి. ఉదాహరణకు లోకల్ రబ్బరు రెండు వానాకాలాలు, కంపెనీది ఆరు వానాకాలాలు ఆగుతాయనుకుందాం. అప్పుడు కంపెనీ రబ్బరు ధర లోకల్ దానికి మూడింతల లోపు ఉంటే కంపెనీదే చౌక. పైగా లోకల్ రబ్బరుకు మూడుసార్లు కూలి ఇవ్వాలి. కానీ కారును ఏడాదిలో అమ్మే ఆలోచన ఉంటే లోకల్ రబ్బరే తెలివైన పని.

మెకానిక్‌తో ముందే మాట తేల్చుకోవాలి. "ఉస్తాద్, ముందు నీళ్లు పోసి ఎక్కడ కారుతోందో చూపించండి, తర్వాత సామాను చెప్పండి" అని అడిగితే మంచి పనివాడెవరూ నొచ్చుకోరు. పని అయ్యాక మళ్లీ నీళ్లు పోసి చూపించాకే డబ్బు ఇవ్వాలి. సామానుకు బిల్లు తీసుకోవాలి. కారు ఇంకా వారంటీలో ఉంటే ఏదీ విప్పకుండా షోరూముకే తీసుకెళ్లాలి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. వాడకం వల్ల అరిగిపోవడాన్ని పాలసీలు కవర్ చేయవు, పాత రబ్బరు కారడం ఆ లెక్కలోకే వస్తుంది. వరదలో మునగడం వేరు. కాంప్రెహెన్సివ్ పాలసీ ఉంటే దానికి క్లెయిమ్ చేసుకోవచ్చు, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే అదీ రాదు.

తడిసిన కార్పెట్‌ను వదిలేయొద్దు

రబ్బరు బాగు చేసి కార్పెట్‌ను అలాగే ఉంచితే పని సగమే అయినట్టు. కార్పెట్ పైన పొడిగా ఉన్నా, కింద స్పాంజి వారాల తరబడి నీళ్లు పట్టుకుని ఉంటుంది. మ్యాట్లు తీసి, గడప ప్లాస్టిక్ పట్టీ విప్పి, కార్పెట్ అంచు ఎత్తి, కింద పాత పేపర్లు కుక్కి మారుస్తూ ఉండాలి. తలుపులు తెరిచి ఎండలో పెట్టాలి. రేకు మీద తుప్పు కనిపిస్తే గీకి, ప్రైమర్ పూసి, అది ఆరాకే కార్పెట్ వేయాలి. వాసనకు సెంటు కొట్టడం కంటే వంట సోడా చల్లి ఒక రాత్రి ఉంచి దులపడం మేలు.

పాత కారు కొనేవాళ్లకు

రబ్బరు కారిన కారు వేరు, వరదలో మునిగిన కారు వేరు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగిన రోజులు ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2022 సెప్టెంబర్‌లో బెంగళూరులో కూడా కార్లు నీట మునిగాయి. ఏ ఊరి కారైనా, అలాంటి కార్లు కడిగి, పాలిష్ చేసి, దూరపు ఊళ్లలో అమ్మకానికి రావొచ్చు. కొత్త బీడింగ్, కొత్త కార్పెట్ చూసి మురిసిపోవద్దు. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. స్టెప్నీ గుంతలో, సీట్ల కింది పట్టాల మీద తుప్పు చూడండి. డ్యాష్‌బోర్డు కింద కనెక్టర్లలో బురద చూడండి. మునిగిన కారని అనుమానం వస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయడమే లాభం.

ఏ నెలలో ఏం చేయాలి?

చాలా ఇళ్లలో కారు పనులు ఈద్ ముందు పెట్టుకుంటారు. కానీ రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ పోతుంది, వానలు జరగవు. అందుకే ఈ పనికి ఇంగ్లిషు నెలలే లెక్క. మే చివర్లో కాగితం పరీక్ష, రంధ్రాల శుభ్రం. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్ వానల ముందు నీళ్ల పరీక్ష. వానలు ఆగాక నవంబర్‌లో కార్పెట్ ఎత్తి తడి చూడటం. వేసవిలో నెలకోసారి రబ్బరుకు సిలికాన్ రాయడం, దొరికినప్పుడల్లా కారును నీడలో పెట్టడం. ఇవి చేస్తే కొత్త బీడింగ్ ఖర్చు కొన్నేళ్లు వెనక్కి పోతుంది.